డిక్కీ మీద స్పాయిలర్ ఇంట్లోనే బిగించుకోవడం ఎలా: మన శ్రీకాకుళం ఉప్పుగాలికి ఆగేలా

రెండు వానాకాలాలు గడిచాక మా బావ కారు డిక్కీలో కార్పెట్ ఎత్తి చూస్తే స్టెప్నీ కింద గుంటలో నీళ్లు నిలబడి ఉన్నాయి, జాకీ తుప్పెక్కిపోయి పట్టుకుంటే చేతికి ఎర్రగా అంటుకుంది. ఆ నీళ్లు ఎటునుంచి దిగుతన్నాయో కనిపెట్టడానికి మాకు ఒక ఆదివారం మొత్తం పట్టింది. చివరికి తేలిందేటంటే స్పాయిలర్ (కారు వెనక అంచు మీద బిగించే రెక్కలాంటి ముక్క) కోసం ఒక షాపులో కొట్టిన నాలుగు బోల్టు కన్నాలు. కన్నం అంచుకి పెయింట్ వెయ్యలేదు, కింద రబ్బర్ వాచర్ పెట్టలేదు, ఏదో సిలికాన్ పూసి బిగించేసి పంపించేశారు. బావ వాళ్ల ఇల్లు కళింగపట్నం దగ్గర, సముద్రం గాలి రాత్రీ పగలూ కొడుతూనే ఉంటాది, అలాంటి చోట పెయింట్ లేని రేకు ఎన్నాళ్లు ఆగుద్ది చెప్పండి.

ఆ స్పాయిలర్ విప్పి, తుప్పు గీకించి, డెంటర్ చేత కన్నాలు మూయించి, పెయింట్ వేయించి, కొత్తది మా వాకిట్లో నేనే అంటించాను. తరువాత నా కారుకి చేసుకున్నాను, పక్కింటి వాళ్ల హ్యాచ్‌బ్యాక్‌కి కూడా చేశాను. పని కష్టమేం కాదు గానీ ఓపిక కావాలి, ముప్పావు వంతు పని తుడవడం, కొలవడం, ఆరేదాకా ఆగడమే. నేను చేసిన పద్ధతి వరసగా రాస్తన్నాను, ఒకసారి మొత్తం చదివాకే మొదలుపెట్టండి, మధ్యలో ఆపి చదువుకునే పని కాదిది, టేపు ఒకసారి అంటుకుందంటే వెనక్కి రాదు.

ముందు ఏది కొనాలో తేల్చుకోండి. డిక్కీ అంచుకి సన్నగా అంటుకుని ఉండేది లిప్ స్పాయిలర్, రెండు కాళ్ల మీద పైకి లేచి ఉండేది రెక్క, హ్యాచ్‌బ్యాక్‌కి వెనక అద్దం పైన కప్పు చివర వచ్చేది రూఫ్ స్పాయిలర్. శ్రీకాకుళం నుంచి వైజాగ్‌కి ఎన్‌హెచ్-16 మీద 80, 90 స్పీడులో వెళ్తే స్పాయిలర్ వల్ల బండి రోడ్డుకి అతుక్కుపోవడం లాంటిదేదీ జరగదు. స్పీడు రెండింతలైతే గాలి బలం నాలుగింతలవుద్ది, అందుకే రేసు కార్లకి 200 దాటిన స్పీడులో రెక్క పనికొస్తాది. పైగా మన చిన్న కార్లు దాదాపు అన్నీ ముందు చక్రాలతో లాగేవే, వెనకాల బరువు నొక్కితే లాగే చక్రాలకి పట్టు పెరిగేదేం లేదు. హ్యాచ్‌బ్యాక్ రూఫ్ స్పాయిలర్‌కి మాత్రం కొంచెం అర్థం ఉంది, కప్పు మీద జారి వచ్చే గాలి చివర్లో చెల్లాచెదురు అవ్వకుండా కాస్త నీటుగా వదిలేలా చేస్తాది. మిగతాదంతా అందం. అందం కోసమే పెట్టుకుంటన్నాం అని ముందే ఒప్పుకుంటే మంచిది, అప్పుడు చిన్నది, తేలికైనది ఎంచుకుంటాం, అంటించేసినా ఆగుద్ది, డ్రిల్ మిషన్ ముట్టుకోవలసిన పని ఉండదు. నా మాట వింటే పెద్ద రెక్క జోలికి పోకండి.

మెటీరియల్ సంగతి. ఏబీఎస్ ప్లాస్టిక్‌ది తేలిగ్గా ఉంటాది, కొంచెం వంగుద్ది, అచ్చులో పోసింది కాబట్టి కొలతలు బాగా కుదురుతాయి. ఫైబర్‌ది చేత్తో చేసేది, బరువు, అడుగు భాగం ఎగుడుదిగుడుగా ఉంటాది, గట్టిగా బోల్టు బిగిస్తే పగులుద్ది. షాపులో తీసుకునేటప్పుడు స్పాయిలర్‌ని అద్దం బల్ల మీద బోర్లించమని అడక్కండి, అది బల్ల మీద కుదరదు, మీ బండి డిక్కీ మీదే పెట్టి చూడండి, ఆన్‌లైన్‌లో తెప్పిస్తే మాత్రం బండి మోడల్ పేరు ఒక్కటే కాదు, ఏ సంవత్సరం బాడీయో కూడా సరిగ్గా చూసి పెట్టండి, ఒకే పేరుతో బాడీ మారిపోయిన కార్లు చాలా ఉన్నాయి. ఇంకోటి బరువు. హ్యాచ్‌బ్యాక్ డిక్కీ తలుపుని గ్యాస్ రాడ్లు పట్టుకుని ఉంటాయి, అవి బండి పాతబడేకొద్దీ నీరసిస్తాయి. తలుపు పైకెత్తి స్పాయిలర్‌ని ఆ తలుపు మీద గుడ్డేసి పెట్టి పట్టుకుని చూడండి, తలుపు దానంతట అది కిందకి దిగుతంటే ముందు రాడ్లు మార్చుకోండి, లేకపోతే సామాన్లు దించేటప్పుడు ఎవరి నెత్తి మీదో పడుద్ది.

రూల్స్ గురించి నాలుగు ముక్కలు. మోటారు వాహనాల చట్టం 1988లో సెక్షన్ 52 ఉంది, కంపెనీ ఇచ్చిన వివరాలకీ ఆర్‌సీలో ఉన్న వివరాలకీ తేడా వచ్చేలా బండిని మార్చకూడదు అని దాని సారం. అందుకని బండి వెడల్పు దాటి బయటికి వచ్చేవి, పొడుగ్గా వెనక్కి తన్నుకొచ్చేవి వద్దు. మీ బండికి షోరూంలోనే యాక్సెసరీగా దొరికితే అదే తీసుకోండి, తలనొప్పి ఉండదు. నంబర్ ప్లేటు, వెనక లైట్లు, అద్దం లోపల పైన ఉండే మూడో బ్రేక్ లైటు, ఇవేవీ స్పాయిలర్ వల్ల మూసుకుపోకూడదు. బిల్లు దాచుకుని ఇన్సూరెన్స్ రెన్యువల్ అప్పుడు యాక్సెసరీ కింద చెప్పండి, చెప్పకపోతే రేపు ఎవడైనా వెనకనుంచి గుద్దితే దాని ఖరీదు లెక్కలోకి రాదు.

రంగు ముందే వేయించుకోవాలి, అంటించాక కాదు. కానీ రంగు వేయించే ముందు ఒకసారి బండి మీద పెట్టి కుదిరిందో లేదో చూసుకోవాలి, ఎందుకంటే రంగు వేసింది వెనక్కి తీసుకోరు. పెయింట్ కోడ్ స్టిక్కర్ బండిని బట్టి డోర్ ఫ్రేమ్ దగ్గరో బానెట్ కిందో ఉంటాది. కోడ్ ప్రకారం కలిపినా ఎండకి వెలిసిన బండికి కొంచెం తేడా కనిపిస్తాది, అందుకే పెట్రోల్ ట్యాంక్ మీద ఉండే రంగు వేసిన పై మూత విప్పి పెయింటర్ దగ్గరికి పట్టుకెళ్లండి, దాన్ని చూసి కలిపితే దగ్గరగా వస్తాది. అడుగున టేపు వచ్చే చోట రంగు మందంగా పొయ్యొద్దని చెప్పండి. ఇంటికి తెచ్చాక తడి ఆరినట్టు కనిపించినా లోపల థిన్నర్ ఇంకా ఆవిరవుతానే ఉంటాది, పెయింటర్ ఎన్ని రోజులు ఆగమంటే అన్ని రోజులు ఆగండి, అడక్కుండానే ఇంకో రెండు రోజులు కలుపుకోండి. పచ్చి పెయింట్ మీద టేపు వేస్తే టేపు బాగానే ఉంటాది, పెయింటే పొరలాగ లేచొచ్చేస్తాది. మీ డిక్కీకి ఇంతకుముందు టింకరింగ్ చేయించి రంగు వేయించి ఉంటే అక్కడా ఇదే భయం, ఆ పాత పని ఎంత గట్టిదో తెలీదు కాబట్టి మాస్కింగ్ టేపు గట్టిగా అంటించి ఒక్కసారి లాగి చూడండి.

ఎప్పుడు చేయాలి అంటే, డబుల్ సైడ్ టేపు 21 నుంచి 38 డిగ్రీల మధ్య బాగా పట్టుకుంటాది, 10 డిగ్రీల కంటే తక్కువైతే సరిగ్గా అంటుకోదు. మనకి 10 దాకా దిగడం అరుదేలే గానీ జనవరి పొద్దున్న రేకు మీద చెయ్యి పెడితే చల్లగా, మంచు తడితో ఉంటాది, నా కారుకి నేను తప్పు చేసింది అప్పుడే, సంక్రాంతి సెలవుల్లో పొద్దున్నే ఏడుకి మొదలెట్టి ఎనిమిదికి అంటించేశాను, నరసన్నపేట దాటేసరికి కుడి మూల లేచి టపటపా కొట్టుకోడం మొదలెట్టింది. మే నెల మధ్యాహ్నం ఇంకో రకం ఇబ్బంది, రేకు చెయ్యి పెట్టలేనంత కాలుద్ది. ఫిబ్రవరి, మార్చిలో పొద్దున్న తొమ్మిదికీ పన్నెండుకీ మధ్య నీడలో చేస్తే సరిగ్గా సరిపోద్ది. అక్టోబర్ వద్దే వద్దు. హుద్‌హుద్ తుఫాను వచ్చింది 2014 అక్టోబర్, తిత్లీ వచ్చింది 2018 అక్టోబర్, ఆ నెలలో మబ్బుని నమ్మి ఆరుబయట మూడు రోజుల పని పెట్టుకోకండి. పోర్టికో ఉన్నవాళ్లు అదృష్టవంతులు, లేనివాళ్లు తెలిసినవాళ్ల షెడ్డు అడగండి, మూడు రోజులు బండి తడవకుండా ఉండడం ముఖ్యం.

సామాన్లు పెద్దగా ఏం లేవు. మంచి అక్రిలిక్ ఫోమ్ డబుల్ సైడ్ టేపు, 3ఎం వీహెచ్‌బీ 5952 అని నల్లది 1.1 మిల్లీమీటర్ల మందంతో వస్తాది, పెయింట్ వేసిన రేకుకి నేను వాడింది అదే. స్టేషనరీ షాపులో గోడకి ఫోటోలు తగిలించుకునే తెల్ల ఫోమ్ టేపు దీనికి పనికిరాదు, ఎండకి పిండిలాగ అయిపోద్ది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ ఒక సీసా, నూలుపోగులు ఊడని మైక్రోఫైబర్ గుడ్డలు నాలుగు, మాస్కింగ్ టేపు, కొలత టేపు, పెన్సిల్, హెయిర్ డ్రయ్యర్, ప్లాస్టిక్‌కి పూసే ప్రైమర్ చిన్న ప్యాకెట్. ఏడు రోడ్ల జంక్షన్ చుట్టుపక్కల అడిగితే చాలా వరకు దొరుకుతాయి, దొరకనివి ఆన్‌లైన్‌లో తెప్పించుకోండి లేదా ఎవరైనా వైజాగ్ వెళ్తంటే చెప్పండి. టేపు ఎంత కావాలి అని లెక్క కూడా ఉంది, కిలో బరువుకి దాదాపు 57 చదరపు సెంటీమీటర్ల టేపు అంటారు. మీ స్పాయిలర్ కిలోన్నర ఉందనుకోండి, 86 చదరపు సెంటీమీటర్లు, అంటే 12 మిల్లీమీటర్ల వెడల్పు టేపు 72 సెంటీమీటర్ల పొడవు చాలు. కానీ ఆ లెక్క కదలకుండా ఉన్న బరువుకి, మనకి గాలి, గతుకులు, స్పీడు బ్రేకర్లు, డిక్కీ దభీమని మూసే పిల్లలు అందరూ ఉన్నారు కాబట్టి దానికి మూడింతలు వెయ్యండి, అడుగున జాగా ఉన్నంత మేర ముందొక వరస వెనకొక వరస పూర్తిగా వేసెయ్యండి.

ఇంక పని మొదలు. బండి మొత్తం షాంపూతో కడిగి ఆరబెట్టండి. టెక్కలి వైపు గ్రానైట్ లారీల వెనక తిరిగిన బండైతే ఆ బూడిదలాంటి దుమ్ము డిక్కీ గాడుల్లో గట్టిగా పేరుకుని ఉంటాది, పాత టూత్‌బ్రష్ పెట్టి తియ్యండి. తరువాత స్పాయిలర్‌ని టేపు లేకుండా ఉత్తినే డిక్కీ మీద పెట్టండి. డిక్కీ వెడల్పు కొలిచి మధ్య గీత మాస్కింగ్ టేపు మీద పెన్సిల్‌తో పెట్టండి, స్పాయిలర్‌కి కూడా మధ్య గుర్తు పెట్టండి, రెండూ కలపండి. అప్పుడు రెండు చివర్ల నుంచి డిక్కీ అంచుకి దూరం కొలిచి రెండు పక్కలా సమానంగా ఉందో లేదో చూడండి, వెనక అంచు నుంచి కూడా మూడు చోట్ల కొలవండి. ఇప్పుడు లేచి పది అడుగులు వెనక్కి వెళ్లి, మోకాళ్ల మీద కూర్చుని చూడండి, నిలబడి చూడండి, ఇంట్లో ఇంకో మనిషిని పిలిచి చూపించండి, మన కళ్లకి అలవాటైపోయిన వంకర వాళ్లకి వెంటనే కనిపిస్తాది. మా అప్ప ఒక్క చూపులో ఎడమ పక్క దిగిందని చెప్పింది, కొలిస్తే నాలుగు మిల్లీమీటర్లు తేడా ఉంది.

కుదిరాక చుట్టూ మాస్కింగ్ టేపు అంటించి గూడులాగ కట్టెయ్యండి, స్పాయిలర్ తీసేసినా మళ్లీ అక్కడే కూర్చునేలాగ. అదే సమయంలో సందులు చూడండి. స్పాయిలర్‌కీ రేకుకీ మధ్య ఒక మిల్లీమీటర్ తేడా అయితే ఫోమ్ టేపు సర్దుకుంటాది. మూడు నాలుగు మిల్లీమీటర్లు ఉంటే చేత్తో నొక్కితే మూసుకుంటంది కదా అని అంటించెయ్యకండి, నొక్కినప్పుడు మూసుకున్న ప్లాస్టిక్ వదిలాక తిరిగి లేవాలని చూస్తానే ఉంటాది, రోజూ కొంచెం కొంచెం టేపుని లాగుద్ది, ఏదో ఒక ఎండరోజు మూల లేస్తాది. ఏబీఎస్ అయితే హెయిర్ డ్రయ్యర్‌తో నెమ్మదిగా వేడి చేసి వంపు సరిచేసి చల్లారేదాకా అలాగే పట్టుకోండి, ఒకేచోట ఎక్కువసేపు వేడి పెట్టకండి, రంగు పొక్కుద్ది. ఫైబర్ అయితే అడుగున ఎత్తుగా ఉన్న చోట వాటర్ పేపర్‌తో రుద్ది దించాలి, ముక్కుకి మాస్కు, చేతులకి గ్లవ్స్ వేసుకోండి, ఆ పొడి ఒంటికి తగిలితే దురద రాత్రంతా వదలదు. రెండూ కుదరకపోతే వెనక్కి ఇచ్చెయ్యండి, మొహమాటం వద్దు.

ఇప్పుడు అసలు పని, తుడవడం. వ్యాక్స్, టెఫ్లాన్ కోటింగ్ ఉన్నా, టైరు పాలిష్ చేతులతో డిక్కీ ముట్టుకున్నా కూడా టేపు పట్టదు. ఆల్కహాల్, మంచినీళ్లు సగం సగం కలిపి గుడ్డని తడిపి టేపు వచ్చే చోట ఒకవైపు మాత్రమే తుడవండి, గుండ్రంగా రుద్దితే జిడ్డు ఇక్కణ్ణించి అక్కడికి మారుద్దంతే. అది ఆరిపోయేలోపే పొడి గుడ్డతో తుడిచెయ్యండి. గుడ్డ మడత మార్చి మళ్లీ చెయ్యండి. మూడోసారికి గుడ్డ తెల్లగా వస్తే చాలు. బండికి సిరామిక్ కోటింగ్ చేయించి ఉంటే ఆల్కహాల్‌తో పోదు, ఆ అంచు మేర మాత్రం పాలిష్ కాంపౌండ్‌తో రుద్దించి తీయించాలి, అది చేసినవాళ్లనే అడగండి. స్పాయిలర్ అడుగు కూడా ఇలాగే తుడవండి గానీ ఏబీఎస్‌కి థిన్నర్, అసిటోన్ తగలనివ్వకండి, ప్లాస్టిక్ కరిగి జిగటగా అయిపోద్ది. పెట్రోల్ గుడ్డ కూడా వద్దు, అది జిడ్డు వదిలి పోద్ది. తుడిచాక ఆ చోటుని వేలితో ముట్టుకోకండి, వేలి జిడ్డు చాలు పని పాడవడానికి.

తుడిచిన స్పాయిలర్ అడుగుకి, టేపు వచ్చే చోట మాత్రం, ప్రైమర్ పల్చగా ఒక్క చేయి పూసి రెండు మూడు నిమిషాలు ఆరనివ్వండి. దీన్ని బండి పెయింట్ మీద కారనివ్వకండి, మరక పడుద్ది, నిప్పుకి అంటుకునే సరుకు కాబట్టి బీడీ సిగరెట్ దూరం. టేపుని స్పాయిలర్ అంచుకి నాలుగైదు మిల్లీమీటర్లు లోపలికి, సాగదీయకుండా పరుచుకుంటూ అంటించండి. ముందు వరసలో చివరి నుంచి చివరికి ఎక్కడా తెంపకండి, నీళ్లు పైనుంచి అటే వస్తాయి. వెనక వరస మధ్యలో ఒక చోట వేలెడు ఖాళీ వదలండి, ఎటునుంచైనా లోపలికి దిగిన నీళ్లు బయటికి పోవడానికి దారి ఉండాలి, లేకపోతే అక్కడే నిలిచిపోతాయి. టేపు వేశాక పై కాగితం తియ్యకుండానే బొటనవేలితో గట్టిగా రుద్దండి.

కాగితం మొత్తం ఒకేసారి పీకెయ్యకండి, చాలామంది చేసే తప్పు ఇదే. ప్రతి చివర ఒక ఐదు సెంటీమీటర్లు మాత్రం ఒలిచి, ఒలిచిన తోకని పక్కకి మడిచి స్పాయిలర్ బయటికి వచ్చేలా మాస్కింగ్ టేపు ముక్కతో పట్టించండి. ఇప్పుడు హెయిర్ డ్రయ్యర్‌తో రేకునీ టేపునీ చేతికి గోరువెచ్చగా తగిలేంత వేడి చేసి, ఇద్దరు మనుషులు చెరో చివర పట్టుకుని, మధ్య గుర్తు కలిపి, గూడులోకి నెమ్మదిగా దించండి. చివర్ల దగ్గర కొంచెం అంటుకుంటాది, మిగతాదంతా కాగితం మీదే ఉంటాది కాబట్టి ఈ దశలో తేడా వస్తే ఇంకా లేపొచ్చు. మళ్లీ కొలవండి. బాగుందనుకుంటే ఒకరు స్పాయిలర్ మీద చెయ్యి వేసి పట్టుకోగా ఇంకొకరు ఆ తోకలు పట్టుకుని పక్కకి, రేకుకి ఆనించి, నిదానంగా లాగండి, కాగితం మొత్తం వచ్చేస్తాది. గట్టిగా గుంజితే మధ్యలో తెగి లోపల ఉండిపోద్ది, అది ఉండిపోయిన మేర అంటుకోనట్టే లెక్క.

నొక్కడం. ఈ టేపు ఒత్తిడితో పట్టుకునేది, చదరపు సెంటీమీటరుకి దాదాపు ఒక కేజీ బరువు పడాలి, మెత్తగా తట్టి వదిలేస్తే చాలదు. మధ్య నుంచి మొదలెట్టి చివర్ల వైపుకి అంగుళం అంగుళం జరుపుకుంటూ, అరచేతి మడమతో పది పది సెకన్లు నొక్కండి. డిక్కీ రేకు పల్చన, ఒకే చోట మోకాలు పెట్టి ఒరిగితే సొట్ట పడుద్ది, చేత్తోనే చెయ్యండి. తరువాత స్పాయిలర్ మీదుగా డిక్కీకి మాస్కింగ్ టేపు నాలుగైదు చోట్ల గట్టిగా లాగి కట్టెయ్యండి. 20 నిమిషాల్లో సగం బలం వస్తాది, 24 గంటల్లో 90 శాతం, పూర్తి బలం రావడానికి 72 గంటలు. ఒక రోజు బండి కదపకండి, డిక్కీ తీసి మూయకండి, మూడు రోజులు నీళ్లు పొయ్యకండి. ఇంట్లో అందరికీ చెప్పండి, డిక్కీ మీద కాగితం రాసి అంటించండి కూడా, లేకపోతే బియ్యం బస్తా వచ్చిందని ఎవరో ఒకరు తీసేస్తారు.

బ్రేక్ లైటు ఉన్న స్పాయిలర్ అయితే అంటించే ముందే వైరు దారి చూసుకోవాలి. వైరు కోసం డిక్కీకి కొత్త కన్నం కొట్టకుండా, ఉన్న రబ్బర్ బుష్ ఏదైనా ఉందేమో చూడండి, డిక్కీ సందు గుండా రబ్బర్ బీడింగ్ పక్కనుంచి సన్నటి వైరు తీసుకెళ్లడం చాలా బళ్లలో కుదురుద్ది. బ్యాటరీ నెగెటివ్ విప్పకముందు ఒకరు బ్రేక్ తొక్కుతుంటే టెస్ట్ ల్యాంప్ పెట్టి వెనక లైటు దగ్గర ఏ వైరుకి కరెంట్ వస్తందో కనిపెట్టండి, తొక్కినప్పుడే వెలిగి వదలగానే ఆరిపోయేది మనక్కావలసింది. హెడ్‌లైట్ వేసినప్పుడు కూడా వెలిగితే అది పార్కింగ్ లైటు వైరు. తెలిశాక బ్యాటరీ విప్పి, స్పాయిలర్ వైర్లలో పాజిటివ్‌ని దానికి, రెండోదాన్ని బాడీ ఎర్త్‌కి కలపండి. వైరు మెలితిప్పి ఇన్సులేషన్ టేపు చుడితే మన ఉక్కకి జిగురు కరిగి ఊడిపోద్ది, సోల్డరింగ్ చేసి హీట్ ష్రింక్ స్లీవ్ (వేడి చేస్తే ముడుచుకుని వైరుని పట్టేసే గొట్టం) వెయ్యండి, మధ్యలో ఒక ఆంపియర్ ఫ్యూజు పెట్టండి, ఎల్ఈడీకి అది బాగా సరిపోద్ది. డిక్కీ మడత దగ్గర వైరు కొంచెం వదులుగా ఉంచండి, బిగుతుగా ఉంటే తీసి మూసినప్పుడల్లా లాగి లాగి ఒకరోజు తెగుద్ది. లైటు ఎర్రగానే, కదలకుండా వెలగాలి, మిణుకుమిణుకుమనేవి, నీలం రంగువి వెనకొచ్చే బండివాడికి కన్ఫ్యూజన్, పెట్టొద్దు.

బరువైనదే కొనేశారు, బోల్టు తప్పదు అనుకుంటే మాత్రం ఈ పేరా రెండుసార్లు చదవండి. డిక్కీ తలుపు రెండు రేకులు, బయటిదొకటి లోపలిదొకటి, మధ్యలో వైర్లు, తాళం తీగ ఉంటాయి. లోపలి అట్ట విప్పి బోల్టు ఎక్కడ దిగుద్దో, నట్టు బిగించడానికి చెయ్యో పానా వెళ్లే సందు ఉందో లేదో ముందు చూడండి. కన్నం చోట మాస్కింగ్ టేపు వేసి గుర్తు పెట్టి, సెంటర్ పంచ్‌తో చిన్న దెబ్బ వేస్తే బిట్ జారదు. వెనక అద్దం మీద మందపాటి దుప్పటి కప్పండి. బిట్ చివర ఎనిమిది మిల్లీమీటర్లు వదిలి దానికి టేపు చుట్టండి, అంతకంటే లోపలికి వెళ్లకూడదని గుర్తు. ముందు 3 మిల్లీమీటర్ల బిట్, తరువాత బోల్టు సైజుకి. అంచులు ఆకురాయితో నున్నగా చేసి, రాలిన ఇనప పొట్టు మొత్తం వ్యాక్యూమ్‌తోనో అయస్కాంతంతోనో తీసెయ్యండి, ఒక్క రవ్వ మిగిలినా రెండు రోజుల్లో పెయింట్ మీద ఎర్ర చుక్క అవుద్ది. కన్నం లోపలి అంచుకి తుప్పు పట్టని ప్రైమర్ బ్రష్‌తో పూసి ఆరబెట్టి, దాని మీద టచప్ పెయింట్ రెండు చేతులు వేసి పూర్తిగా ఆరనివ్వండి. ఇది అరపూట పని, ఆ షాపువాళ్లు బావ కారుకి వదిలేసింది ఈ అరపూటే. రబ్బర్ వాచర్, దాని చుట్టూ న్యూట్రల్ క్యూర్ అని రాసి ఉన్న సిలికాన్. బాత్‌రూంకి వాడే మామూలు సిలికాన్ పూస్తే పుల్లటి ఘాటు వాసన వస్తాది కదా, అది ఆరేటప్పుడు వదిలే ఎసిటిక్ యాసిడ్, రేకుకి తుప్పు తెచ్చి పెడుద్ది. లోపలి వైపు వెడల్పాటి వాచర్ వేసి బోల్టుని ముందు చేత్తో తిప్పి, రబ్బర్ కొంచెం నొక్కుకునేదాకా మాత్రం పానాతో బిగించండి. సిలికాన్ ఆరాక పైనుంచి పైపుతో ఐదు నిమిషాలు నీళ్లు వదిలి, లోపల ప్రతి నట్టు దగ్గర పొడి టిష్యూ అద్ది చూడండి. తడి తగిలితే విప్పి మళ్లీ చెయ్యడమే, పైపైన ఇంకొంచెం సిలికాన్ పూస్తే ఆగదు.

టేపుతో అంటించినా బోల్టు వేసినా, ముందు పెట్టిన మాస్కింగ్ టేపులు మూడో రోజు నెమ్మదిగా, వెనక్కి మడిచి ఒలవండి. నెల రోజుల పాటు వాటర్ వాష్‌కి వెళ్తే కుర్రాడికి చెప్పండి, ప్రెషర్ గన్ స్పాయిలర్ అంచులోకి గురి పెట్టొద్దని, దూరం నుంచి పై నుంచి కొట్టమనండి. డిక్కీ మూసేటప్పుడు స్పాయిలర్ పట్టుకుని కిందకి లాగడం అందరికీ అలవాటైపోద్ది, అది హ్యాండిల్ కాదు, రేకు మీద చెయ్యి వేసి మూయడం ఇంట్లో అందరికీ నేర్పండి.

ఎప్పుడైనా తీసెయ్యాలనుకుంటే పీకకండి. హెయిర్ డ్రయ్యర్‌తో వేడి చేసి, గాలం వేసే నైలాన్ దారాన్ని రెండు చేతులకి చుట్టుకుని స్పాయిలర్ కింద రంపంలాగ ఇటూ అటూ లాగితే ఫోమ్ తెగిపోద్ది. రేకు మీద మిగిలిన జిగురుని బొటనవేలితో ఉండలు చుట్టినట్టు రుద్ది తీసి, చివర్న నీలగిరి తైలం గుడ్డతో తుడవండి. బ్లేడు పెట్టి గీకితే ఆ గీతలు ఎప్పటికీ పోవు.

మొదటి హైవే ప్రయాణం దగ్గర ఊరికే పెట్టుకోండి. నేనైతే నా కారుకి మళ్లీ సరిగ్గా అంటించాక పలాస దాకా వెళ్లి, అక్కడ ఆగి టీ తాగేటప్పుడు రెండు మూలల దగ్గరా గోరు దూర్చి చూశాను. గోరు దూరలేదు. తిరిగొచ్చాక ఆ రాత్రి వాన పడితే పొద్దున్నే లేచి మళ్లీ చూశాను.